మామ, అంబాసిడర్, ఒక ఎస్టీమ్ ఫ్యాను

ఓర్వకల్లు మండలంలో ఎండకు జంకనివి రెండే అనుకునేవాణ్ణి: శకునాల దగ్గర పరిచిన సోలార్ పలకలు, మా మామ. పలకలది పెద్ద హోదా. గని, శకునాల ఊళ్ల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో ఆకాశం వైపు మొహాలు పెట్టి పడుకుని, 2017 నాటికి వెయ్యి మెగావాట్ల పార్కు అనిపించుకున్నాయి. తీరా వాకబు చేస్తే వాటికీ వేడి పడదట! వెలుతురు కావాలట గానీ ఉడుకు వద్దట. పలక 25 డిగ్రీలు దాటి వేడెక్కితే డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున కరెంటు తగ్గిపోతుంది. కాబట్టి బరిలో మిగిలింది మా మామ ఒక్కడే. మే నెలలో, ఎండ 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం రెండు గంటలకు, తలకు తువ్వాల చుట్టుకుని "పాణ్యం దాకా పోయొద్దాం పా అల్లుడూ, కారు తియ్" అనగల మనిషి.

ఆ ధైర్యం ఆయన కారుకు లేదు.

కారు అంబాసిడర్. నాకు ఇచ్చేశానని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. నిజానికి ఇచ్చింది డ్రైవర్ సీటు మాత్రమే. పక్క సీటూ, దాంతోపాటు వచ్చే పెత్తనమూ తన దగ్గరే ఉంచుకున్నాడు. ఈ బండ్లు చేసిన ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మే నెలలో ఆగిపోయింది. 2017లో ప్యుజో వాళ్లు అంబాసిడర్ అన్న పేరును 80 కోట్లకు కొనుక్కున్నారు. పేరొక్కటే కొన్నారు. తెలివైనవాళ్లు. ఉడికే రేడియేటర్లూ, ముందు సీట్లో కూర్చునే మామలూ మా వాటాకే వచ్చారు.

ఓర్వకల్లు నుంచి నంద్యాల వైపు పోతే తమ్మరాజుపల్లె ఘాటు తగులుతుంది. తిరుమల కొండ ఎక్కినవాళ్లు దీన్ని ఘాటంటే నవ్వుతారు. మా అంబాసిడర్ నవ్వేది కాదు. ముందర సిమెంటు లారీ, వెనక ఆర్టీసీ బస్సు, రెండో గేరు. ఇంకేముంది, మీటర్లో ముల్లు మెల్లగా జరగడం మొదలుపెట్టేది. నేను చూసేలోపే మామ చూసి, ఏ కంగారూ లేకుండా "ఉడుకుతాండాది, పక్కకు ఆపు" అనేవాడు. ఆపిన చోటల్లా ఆయనకు తెలిసినవాళ్లు ఉండేవారు. లేకపోతే బానెట్ ఎత్తాక తయారయ్యేవారు. రాక్ గార్డెన్ ముందు ఆగామంటే ఇక చెప్పక్కర్లేదు. బాహుబలి షూటింగ్ 2013 జూలై 6న అక్కడే మొదలైంది. ఆ రాళ్ల దగ్గర ప్రభాస్ కంటే మా కారే ఎక్కువసేపు నిలబడిందని మామ ధీమా.

లోపం ఎక్కడుందో చెప్పాలంటే పాత బండ్ల ఫ్యాను సంగతి కాస్త చెప్పుకోవాలి. అంబాసిడర్లో ఫ్యాను వాటర్ పంపు మూతికి బిగించి ఉంటుంది. ఇంజను బెల్టు పంపునూ, ఛార్జింగునూ, ఫ్యానునూ కలిపి తిప్పుతుంది. ఇంజను ఎంత ఉరికితే ఫ్యాను అంత ఉరుకుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ నన్నూరు దాటాక ఖాళీ రోడ్డు మీద అరవైలో పోతుంటే ఎదురుగాలి దానంతటదే రేడియేటర్లోకి దూసుకొస్తుంది. ఫ్యాను అవసరమే లేదు. సరిగ్గా అప్పుడే ఇది వీరావేశంతో తిరుగుతుంది. పైగా ఫ్యాను వేగం రెట్టింపైతే అది తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఆ ఖర్చంతా మన పెట్రోల్ ఖాతాలోనే. అదే లారీ వెనక నిలబడిపోయి, ఊపిరాడక ఇంజను అల్లాడేటప్పుడు, ఫ్యాను బద్ధకంగా రెక్క తర్వాత రెక్క లెక్కపెట్టుకుంటూ తిరుగుతుంది. పెళ్లి పందిట్లో హడావుడి చేసి, అప్పగింతల వేళకు కనపడని చుట్టంలాంటిది.

మారుతి 800 రోజుల నుంచి మనం చూస్తున్న చిన్న కార్లలో ఈ బెడద లేదు. వాటిలో ఇంజను అడ్డంగా పడుకుని ఉంటుంది. బెల్టుతో తిప్పుదామన్నా రేడియేటర్ ఎదురుగా ఉండదు. అందుకని ఫ్యానుకు సొంత మోటారు పెట్టారు. నీళ్లు కాగితే తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది. అలాంటిదొకటి పాత సామాన్ల కొట్టులో తెచ్చి మనకూ బిగించుకుంటే పోలా అన్నాను.

ఆ మాట బయటికి రావడమే ఆలస్యం, మా అరుగు మీద సభ కూడింది. సీమలో నీళ్లకు కరువొచ్చినా సలహాలకు ఎప్పుడూ రాలేదు. ఒకాయన రేడియేటర్లో గుప్పెడు పసుపు వేయమన్నాడు. కారేదాన్ని పూడ్చడానికి లారీ డ్రైవర్లు వేసే మందది. మాది కారడం లేదు, కాగుతోంది అంటే, "ఏస్తే ఏం పోతాది సామీ, పసుపేగదా" అన్నాడు. ఇంకొకాయన, "ఫ్యాను పీకేసినాక బెల్టు మాత్రం యాల? అదీ పీకేయ్, బండి తేలికైతాది" అన్నాడు. బెల్టు పీకితే నీళ్ల పంపు నిలిచిపోతుంది, ఇంజను పాణ్యం దాకా కాదుగదా పొలిమేర దాకా కూడా పోదు. మూడో పెద్దమనిషి అన్నీ విని, ఎలక్ట్రిక్ ఫ్యాను తెచ్చేదేదో తనకిస్తే జొన్నలు తూర్పార పట్టుకుంటానన్నాడు. మొత్తం సభలో పనికొచ్చే ఆలోచన చేసింది ఆయనొక్కడే.

మెకానిక్ భాయ్ మాత్రం ఫ్యాను ఊసే ఎత్తకుండా ముందు రేడియేటర్ విప్పాడు. పైతొట్టి టంకం కరిగించి ఊడదీసి చూపిస్తే గొట్టాల్లో సగం పూడిపోయి ఉన్నాయి. మా ప్రాంతపు నేలంతా సున్నపురాయి. బేతంచెర్ల బండలూ, పాణ్యం సిమెంటూ, బెలుం గుహలూ అన్నీ ఆ రాతి చలవే. బోరునీళ్లలో కరిగి ఉన్న ఆ సున్నమే నీళ్లు కాగినప్పుడల్లా గొట్టాల గోడలకు గారకట్టింది. అంటే ఇంటి నేల మీదే కాదు, కారు కడుపులోనూ మాకు బండలే. భాయ్ సన్నటి ఇనుప పట్టీతో ఒక్కో గొట్టాన్నీ తోడుతుంటే తెల్లటి పొట్టు రాలింది. "సార్, ఇది ఉంచుకుని ముందర ఇమానం ఫ్యాను పెట్టినా దండగే" అన్నాడు. ఎవరో పుణ్యాత్ముడు ఏనాడో అడ్డమని తీసి పారేసిన థర్మోస్టాట్‌ను కూడా మళ్లీ పెట్టించాడు. బోరునీళ్లు మానిపించి కూలెంట్ పోయించాడు. ఇంటి ఆడవాళ్లు దీన్ని హర్షించారు. బిందెడు నీళ్లు మిగలడం మా దగ్గర చిన్న విషయం కాదు.

ఫ్యాను కోసం కర్నూలుకు పోయాను. పాత సామాన్ల కొట్టు యజమాని ముందు మారుతి 800 ఫ్యాను చేతిలో పెట్టాడు. 796 సీసీ ఇంజనును చల్లార్చే ఫ్యాను 1489 సీసీ ఇంజనుకు చాలదని భాయ్ ముందే చెప్పి పంపాడు. ఎస్టీమ్‌ది కావాలన్నాను. ఎస్టీమ్ 1298 సీసీ బండి, బలంలో మా అంబాసిడర్ కంటే ఎక్కువే. గుట్టలోంచి ఒకటి లాగి, దుమ్ము ఊది, నేల మీదున్న బ్యాటరీకి తగిలించాడు. గిర్రున తిరిగింది. నేను కరెంటు తీయించి రెక్క పట్టుకుని అటూ ఇటూ ఊపాను. ఇరుసులో వదులు లేదు. ఆగేటప్పుడు గరగరమనలేదు. చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు కూడా పగలకుండా ఉంది. ఆ తొడుగు లేకపోతే ఫ్యాను తన ఎదురుగా ఉన్న గుండ్రటి జాగా లోంచే గాలి లాగుతుంది, రేడియేటర్ మూలలు అలాగే కాగుతూ ఉంటాయి. ఆరు వందలన్నాడు. నాలుగు వందలకు దిగాడు. దిగిన వేగం చూస్తే మూడు వందలకే వచ్చేదేమో.

కొనడం వరకు బాగానే ఉంది. తేవడమే కష్టమైంది. అది 2024 ఎన్నికల కాలం. కోడ్ అమలులో ఉంది. కర్నూలు బస్టాండులో పట్టపగలు ఫ్యాను చంకన పెట్టుకుని నిలబడ్డ మనిషిని జనం ఎలా చూస్తారో వేరే చెప్పాలా? కండక్టర్ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి "ప్రచారమా?" అన్నాడు. కారుకని చెప్పాను. "మాకు తెల్దా సార్" అని కన్ను గీటి టికెట్ కొట్టాడు. వెనక సీటాయన నా భుజం తట్టి ఈసారి ఎన్ని వస్తాయని అడిగాడు. నాలుగు వందలకొకటి వచ్చిందన్నాను. ఓర్వకల్లులో దిగి చెట్టు నీడకు పోతే, అక్కడొకాయన సైకిల్ స్టాండు వేస్తున్నాడు, ఇంకొకాయన టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. ముగ్గురం ఒకరినొకరం చూసుకుని తలా ఒక పక్కకు జరిగాం.

బిగింపు రోజున మామ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పాత ఫ్యానుకు నాలుగే బోల్టులు, చిటికెలో ఊడింది. కొత్తదాన్ని రేడియేటర్ రేకుల్లోంచి ప్లాస్టిక్ తాళ్లు దూర్చి కట్టేస్తే సరి అని ఒక కుర్రాడన్నాడు. చాలామంది అలాగే చేస్తారు. ఆ తాళ్లు అదురుకు రేకుల్ని కోసి, ఏదో ఒకనాడు గొట్టాన్ని కూడా కోస్తాయి. భాయ్ ఒప్పుకోలేదు. ఇనుప పట్టీలు వంచి, రేడియేటర్ అంచు చట్రానికే బోల్టులు వేసి, నడుమ రబ్బరు ముక్కలు పెట్టాడు. మోటారు వీపుకూ పంపు పుల్లీకీ మధ్య రెండు వేళ్ల సందు మిగిలింది. భాయ్ తన వేళ్లు పెట్టి చూశాడు. మామ లేచి వచ్చి తన వేళ్లూ పెట్టి చూశాడు. అప్పుడుగానీ సందు ఖాయం కాలేదు.

ఆ తర్వాత వైర్లు. అసలు పనంతా ఇక్కడే. ఆ ఫ్యాను దాదాపు పది ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో ఒకటిన్నర సీలింగ్ ఫ్యాన్లు తినేంత శక్తే. కానీ 12 వోల్టుల దగ్గర అంత శక్తి కావాలంటే లావు వైరు కావాలి. డ్యాష్‌బోర్డు సన్న స్విచ్చుకు నేరుగా కలిపితే ముందు స్విచ్చు కరుగుతుంది, ఆపైన మన అదృష్టం. నడుమ రిలే పెట్టాలి. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆడించే డబ్బీ అది. 30కి బ్యాటరీ, 87కి ఫ్యాను, 85, 86 కాయిల్‌కు. ఈ నంబర్లు దాదాపు ఏ కంపెనీ రిలే మీదైనా ఇవే. భాయ్ వీటిని గోత్రనామాలు చెప్పినంత ధారాళంగా చెప్తాడు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, ఛాసిస్ మీద పెయింటు గీకేసి గట్టి ఎర్తు. ఇత్తడి తొట్టి కనుక టంకంతో ఒక నట్టు అతికించి, అందులో థర్మో స్విచ్చు బిగించాడు. "ఆ యంత్రం మరిచిపోతే?" అన్నాడు మామ. ఆయన మనశ్శాంతి కోసం చేత్తో వేసే స్విచ్చు కూడా ఒకటి పెట్టక తప్పలేదు. ఎక్కడ పెట్టామో చెప్పక్కర్లేదనుకుంటాను.

స్విచ్చు వేయగానే ఫ్యాను గొప్పగా తిరిగింది. భాయ్ ఒక పాత పేపరు ముక్క గ్రిల్ ముందు పట్టాడు. అది రేడియేటర్‌కు అతుక్కోవాలి. అతుక్కోలేదు, ఎగిరి వచ్చి పసుపు వైద్యుడి మొహాన పడింది. రెండు వైర్లూ తారుమారయ్యాయి. డీసీ మోటారు కదా, తిరగబడి తిరుగుతోంది. వైర్లు మార్చాక పేపరు వెళ్లి అతుక్కుంది, లాగినా రాలేదు. అదే వేళకు ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు నుంచి ఏటీఆర్ విమానమొకటి తల మీదుగా పోయింది. 2021 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలైన నాటి నుంచి మామ వాటిని చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు మాత్రం దాన్ని పరీక్షగా చూసి, "దానికి రెండుండాయి, మనకు ఒగటే" అన్నాడు.

ఘాటు ఎక్కించాం, మధ్యాహ్నం రెండింటికే. ముందర సిమెంటు లారీ, రెండో గేరు. ముల్లు కొంచెం కదిలింది. ఫ్యాను గుయ్యిమంది. ముల్లు ఆగి, వెనక్కి వచ్చింది. నేను విజయగర్వంతో మామ వైపు చూశాను. ఆయన మొహంలో సంతోషం లేదు. మామూలుగా ఆగే చోటు వెనక్కి వెళ్లిపోయింది, ఎదురుచూసే మిత్రులు చెట్టు కింద అలాగే నిలబడిపోయారు. "ఆపకుండా పోతే వాళ్లేమనుకుంటారు" అన్నాడు.

పాణ్యంలో బండి ఆపి తాళం తీశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది. నీళ్లు చల్లారేదాకా తిరగాలనే భాయ్ రిలేను నేరుగా బ్యాటరీకి కలిపాడు. మామ దిగడానికి ఒప్పుకోలేదు. యాభై ఏళ్లుగా ఇంట్లో ఫ్యాను ఆపకుండా గడప దాటని మనిషి. తిరిగే ఫ్యానును వదిలి పోతే కరెంటు బిల్లు ఎవరు కడతారన్నట్టు, అది ఆగేదాకా ఆ ఎండలో కారు పక్కనే నిలబడ్డాడు. ఇప్పటికీ అంతే. ఎక్కడ ఆగినా ముందు ఫ్యాను ఆగాలి, తర్వాతే మామ కదలాలి. ఆ కాసేపట్లో నలుగురు పోగై పలకరించి పోతారు. ఆగే చోట్లు తగ్గాయన్న బెంగ అలా తీరింది.

మీ ఇంట్లోనూ పాత బండి ఉండి, ఇలాంటి సరదా పుడితే రెండు మాటలు. డైనమో బండి అయితే ముందు ఆల్టర్నేటర్ వేయించుకోండి. ఆగి ఉన్నప్పుడే ఫ్యానుకు పని, ఆగి ఉన్నప్పుడు డైనమో ఇచ్చేది దాదాపు సున్నా. ఫ్యాను చవగ్గా దొరికిందని రిలే, ఫ్యూజు, వైరు దగ్గర పిసినారితనం చూపకండి, అవి కొత్తవే కొనండి. ఇక కాగిన రేడియేటర్ మూత మాత్రం చల్లారకుండా తీయకండి. లోపల నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, మూత వదులు కాగానే మొహం మీదికి ఎగజిమ్ముతాయి. తీయమన్నది మీ మామ అయినా సరే, తీయకండి.