రెండు వందల ఒకటో యూనిట్ గారికి విన్నపం

మహారాజశ్రీ 201వ యూనిట్ గారి సముఖానికి,

హైదరాబాద్‌లో చైతన్యపురి మెట్రో స్టేషన్‌కు కూతవేటు దూరంలో, మూడో అంతస్తులో అద్దెకుంటున్న గృహస్థు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

మంత్రులు మారినా, కార్పొరేటర్లు మారినా మా ఇంట్లో పెత్తనం తమరిదే. 2024 మార్చిలో గృహజ్యోతి కరెంటు పథకం అమలులోకి వచ్చిన నాటి నుంచి రేషన్ కార్డున్న మా బోటివాళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. తమరు మీటరు మీద కాలు మోపారా, ఆ నెలకు మొత్తం కట్టుకోవాల్సిందే. దాటిన ఒక్క యూనిట్‌కే డబ్బు తీసుకోండి అంటే కుదరదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 అయితే కింది రెండు వందలూ కట్టగట్టుకుని 5 రూపాయల 10 పైసల శ్లాబులోకి ఎక్కుతాయి, లెక్క 1,027 రూపాయల 70 పైసలకు చేరుతుంది. కార్డు లేని పక్కింటివాళ్లకు తమరి రాక ఖరీదు 207 రూపాయల 70 పైసలు. మాకైతే వెయ్యి పైచిలుకు. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే.

అందుకే రీడింగ్ తీసే అబ్బాయి వచ్చే వారం ముందు మా ఇల్లు మునివాటిక. "ఏమండీ, నూట తొంభై దాటింది. ఇవాళ్టి నుంచి బట్టలు ఇస్త్రీ బండికే" అని మా ఆవిడ ప్రకటిస్తుంది. పిల్లలు ఒకే గదిలో, ఒకే ఫ్యాను కింద చదువుకుంటారు. బిల్లు చేతికి వచ్చిన సాయంత్రం మళ్లీ అన్ని గదుల్లోనూ దీపాలు. మే నెలలో ఇంకో విడ్డూరం. కూలర్ పుణ్యమా అని తమరు ఇరవయ్యో తారీఖుకే వచ్చేస్తే కింది అంతస్తాయన అంటాడు: "దాటింది గద సారూ, ఇంక బంద్ జేస్తే ఏమొస్తది?" ఆయన్ని తప్పుపట్టలేను. ఆ లెక్కే అలాంటిది. నూట ఇరవై వాడేవాడికి తగ్గించుకోవాలన్న ధ్యాస ఉండదు, తమరిని దాటినవాడికి ఆశ ఉండదు. పొదుపు చేసేది గీతకు అటూ ఇటూ నాలుగడుగుల దూరంలో ఉన్నవాళ్లమే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్ పిల్లలనైతే అడగనే అక్కర్లేదు, కరెంటు అద్దెలో కలిసిపోయినవాళ్లకు తమరెవరో తెలిసే అవకాశమే లేదు.

నెలంతా పనిచేసే ఉపాయాలు లేకపోలేదు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, కొత్త బీఎల్‌డీసీ రకం ముప్ఫై చిల్లర. రోజుకు పన్నెండు గంటల చొప్పున తిప్పితే నెలకు మొదటిది 27 యూనిట్లు, రెండోది 12 లోపే. అయితే కొత్త ఫ్యాను కొనాల్సింది నేను, జీరో బిల్లు ఎలాగూ వస్తున్నప్పుడు ఎందుకు కొంటాను?

కరెంటు సంగతి ఇంతటితో ఆపుతాను. నా అసలు ఫిర్యాదు తమరి కంటబడకుండా తిరిగే తమరి చుట్టాల మీద. వాళ్లు నీళ్లలో దాక్కుని వస్తారు.

2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల మంచినీళ్లు ఉచితం. 1920లో కట్టిన గండిపేట జలాశయం నీళ్లు పల్లానికి వాటంతటవే నడిచి వచ్చేవి. మా వైపు వచ్చే కృష్ణా నీళ్లకు ఆ భాగ్యం లేదు. నాగార్జునసాగర్ నిండుగా ఉన్నా నీటిమట్టం 590 అడుగులే, మన ఊరేమో అంతకు వెయ్యి అడుగులకు పైన ఉంది. ఆ నీళ్లు అక్కంపల్లికి ఎక్కి, కోదండాపూర్‌లో శుద్ధయి, మళ్లీ మళ్లీ పంపులెక్కి గున్‌గల్ మీదుగా సాహెబ్‌నగర్ చేరాలి. వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పంపుల్లో, పైపుల్లో రవ్వంత శక్తి కూడా వృథా కాలేదనుకున్నా, 20 వేల లీటర్లను వెయ్యి అడుగులు ఎత్తడానికి 16 యూనిట్లకు పైగా కావాలి. నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. ఇవి నా మీటరు మీద పడవు. నల్లా బిల్లులోనూ కనబడవు.

అలా వచ్చిన నీళ్లు సంపులో పడతాయి. అక్కణ్ణుంచి మోటారు పైట్యాంకుకు ఎక్కిస్తుంది. ఆ కరెంటు కామన్ మీటరుది, మెయింటెనెన్స్‌లో తలా ఇంత. మోటారు ఆపడం మరిచిపోతే ట్యాంకు పొర్లి, సాగర్ నుంచి ఇంత ఎత్తుకు ఎక్కివచ్చిన కృష్ణమ్మ మోరీలో కలుస్తుంది. గేటు దగ్గర నీళ్ల మీటరు ఒకటే. పైఅంతస్తు ఫ్లష్ ట్యాంకు రాత్రంతా కారినా, మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు కుండీలో పోసినా రెండూ ఒకే పద్దు. ఇంటికి ఇరవై కిలోలీటర్లలోపు ఉన్నంతకాలం ఆ పద్దును తెరిచి చూసే నాథుడూ లేడు.

కాబట్టి తమరు పైవారికి సిఫారసు చేయవలసిందిగా ప్రార్థన. తమరు వచ్చిన నెలలో తమరికీ, తమరి వెనక వచ్చినవారికీ మాత్రమే వెల కట్టాలి, కింది రెండు వందల జోలికి పోకూడదు. రెండు వందలకు ఎంత తక్కువ వాడితే అంత కొంచెమైనా మా ఖాతాలో జమ కావాలి, అప్పుడు ఫ్యాను కొనే సంగతి ఆలోచిస్తాను. ఫ్లాటు ఫ్లాటుకూ నీళ్ల మీటరు రావాలి. నల్లా బిల్లు మీద లీటర్ల పక్కన, వాటిని మోసుకొచ్చిన యూనిట్లు కూడా అచ్చువేయాలి.

ఇవి జరిగేలోగా ఒక చిన్న మనవి. రీడింగ్‌కు ఇంకా నాలుగు రోజులుంది, మీటరు 196 దగ్గరుంది, అల్లుడుగారు రేపు పండక్కి వస్తున్నారు. ఈ ఒక్క నెలకు తమరు దయచేయకండి.

ఇట్లు,
తమరి విధేయుడు,
చైతన్యపురి మూడో అంతస్తు వినియోగదారుడు