లేని జింకల సఫారీ

ఆస్ట్రేలియాలోని మన క్లేటన్ తెలుగువారికి శుభవార్త. ఏప్రిల్ సెలవులకు హైదరాబాద్ వెళ్లేవారి కోసం ఈ కాలమ్ తరఫున కొత్త టూర్ మొదలుపెడుతున్నాం: కంచ గచ్చిబౌలిలో లేని జింకల సఫారీ. వసంతం ముగిసేలోపు రావాలి. ఆ తర్వాత లేనివి కూడా ఉండవు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని, ఐటీ పార్కు కోసం ప్రభుత్వం చదును చేయించబోయిన ఆ 400 ఎకరాల్లో జింకల్లేవు, పులుల్లేవు, ఉన్నవల్లా అభివృద్ధికి అడ్డుపడే గుంటనక్కలేనని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు అసెంబ్లీలో సెలవిచ్చారు కదా. ఆ తర్వాతేమో జింకల ఫోటోలన్నీ ఏఐ మాయ అన్నారు. కొన్ని నిజంగా ఏఐ బొమ్మలేలెండి. కానీ నకిలీ నోటు ఒకటి దొరికిందని రిజర్వు బ్యాంకే లేదంటే ఎట్లా?

సరే, టూర్ నిబంధనలు. జీపు కదలగానే గైడు, "కుడివైపు చూడకండి సార్, అక్కడ చుక్కల జింక లేదు" అంటాడు. ఎడమవైపు నెమళ్లు అరవడం లేదు. కాళ్ల దగ్గర నక్షత్ర తాబేలు లేదు, చూసుకుని అడుగెయ్యండి. మురీసియా హైదరాబాదెన్సిస్ అని ఊరిపేరే ఇంటిపేరైన సాలీడు, 2010లో ఆ యూనివర్సిటీ క్యాంపస్ నుంచే లోకానికి పరిచయమైంది. అదీ లేదు. ఆధార్ చూపించలేకపోయింది. జింక కనబడితే డబ్బు వాపస్, చూసింది ఏఐ అని సంతకం పెట్టి పుచ్చుకోవాలి. గుంటనక్క మాత్రం గ్యారంటీ. వీపున పుస్తకాల సంచీతో పోలీసు వ్యాను దగ్గర కనిపిస్తుంది. రాత్రి సఫారీకి లైటింగ్ జేసీబీలవారి సౌజన్యం.

మన మోనాష్ యూనివర్సిటీకి ఈ తెలివి లేకపోయింది. జంతుశాస్త్ర ప్రొఫెసర్ జాక్ మార్షల్ చొరవతో 1961లో, క్యాంపస్ ఇంకా కడుతుండగానే, ఇదే క్లేటన్‌లో ఓ చిన్న అడవి ముక్కకు కంచె పడింది. అందులో ఇప్పటికీ పిల్లలు పాఠాలు నేర్చుకుంటున్నారు. అరవై ఏళ్లు దాటినా ఐటీ పార్కు ఆలోచనే రాలేదంటే ఎంత వెనకబడిన దేశమో చూడండి.

2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమనేసరికి వంద ఎకరాల దాకా నేలమట్టమైంది. మర్నాడు క్యాంపస్‌లో ఒక లేని జింకను కుక్కలు కరిచాయి. లేని జింక చచ్చిపోయింది.

ఇక నా వల్ల కాదు. ఏఐ బొమ్మని కుక్కలు కరుస్తాయా అయ్యా? పర్యావరణ ప్రభావ అంచనా చేయించారా అని కోర్టు అడిగింది. చేయిస్తే ఆ కాగితం బయటపెట్టండి. అందులో జింకల పేజీ చూపించండి. చేయించకుండానే పండగ సెలవుల్లో యంత్రాలు దింపారా? అడ్డొచ్చారని ఉగాదినాడు మీరు వ్యాన్లలో కుక్కింది నక్కల్ని కాదు, మన పిల్లల్ని. ఉన్నవాటిని ఉన్నాయన్నందుకు.