ఆలు లేదు, చూలు లేదు... సింథ్ పేరు సోమలింగం!

జనవరి దగ్గర పడితే చాలు, అమెరికాలోని అనహైమ్‌లో జరిగే ‘నామ్’ సంగీత పరికరాల మేళా మీద జోస్యాలు మొదలు. రాబోయే సింథసైజర్‌కు, అదే మన సింథ్‌కు, మీటలెన్ని, నాబ్‌లెన్ని, ధరెంత... కంపెనీ నోరు విప్పకముందే జాతకం సిద్ధం!

సాఫ్ట్‌వేర్ జోస్యాలూ ఇంతే. పాటల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రో 10 వచ్చింది 2013లో, 11 వచ్చింది 2024లో. మధ్యలో ఏళ్ల తరబడి ‘ఇదిగో వచ్చే నెలే’ అన్నవారి మాట ఎట్టకేలకు ఫలించింది. వాక్శుద్ధి అంటే అదీ!

బీటిల్స్ 1967లో ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ను నాలుగు ట్రాకుల టేపు యంత్రాల మీద లాగించేశారు. మన జోస్యులవారి ల్యాప్‌టాప్‌లో వందల ట్రాకులు పడతాయి. పాటేదీ స్వామీ అంటే... అది తర్వాతి వెర్షన్‌లో వస్తుందట!