శివారు దేశములు

గత మాసమున విజయవాడలో ఒక విద్యాసంస్థవారు జరిపిన వక్తృత్వపు పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా ఆహ్వానించిరి. విషయము "అంతర్జాతీయ సమాఖ్యలలో చేరుటవలన చిన్న దేశములకు కలుగు లాభములు". కలుగునవి లాభములేయని ముందుగానే నిర్ణయింపబడి యుండుటచే ఆలోచించు శ్రమ వక్తలకును, సందేహించు శ్రమ శ్రోతలకును తప్పినది. పదునొకండుగురు బాలబాలికలు ఒకరి వెనుక నొకరు వేదిక నెక్కి, భద్రత, గౌరవము, వాణిజ్యము, మైత్రి, విశ్వసౌభ్రాత్రము అని వ్రేళ్ళు మడచుచు, ఐక్యరాజ్య సమితి సౌధము ముందు తన పతాకమొకటి ఎగిరినంతనే చిన్న దేశమునకు ఆకలి తీరుననియు, దానిపైకి వచ్చు శత్రువు సిగ్గుపడి వెనుదిరుగుననియు, మహారాజ్యములు కుర్చీలు జరుపుకొని దానికి చోటిచ్చుననియు కంఠోపాఠముగా వినిపించుచుండగా, ఇంత పెద్ద దేశమున పుట్టుట నా పూర్వజన్మ పాపమేమో యని నాకు తోచినది.

న్యాయనిర్ణేతలము ముగ్గురము. అందొకరు బహుమతి ద్రవ్యము నిచ్చిన దాతగారు. మా వెనుక వరుసలో, మనుమరాలి ఉపన్యాసము వినవచ్చిన నాగాయలంక ప్రాంతపు వృద్ధ కృషీవలుడొకరు కూర్చుండి, ఆరవ వక్త ముగించునప్పటికి ముందునకు వంగి, "ఏవండీ, ఈ సమితి అనేది మన కాలవ లాంటిదేనా?" అని నన్ను మెల్లగా అడిగిరి. "కొంతవరకు అంతేనండి" అంటిని. "అయితే లాకు తాళంచెవి ఎవరి దగ్గరుంటదండీ?" అని యాయన రెండవ ప్రశ్న వేసిరి. పదునొకండుగురు వక్తలకు గాని, వారికి ఉపన్యాసములు వ్రాసియిచ్చిన పెద్దలకు గాని స్ఫురింపని ప్రశ్న ఇదియే.

డెల్టా వాసులకు చెప్పనక్కరలేదు గాని, ఇతరులకొఱకు ఈ ప్రశ్నను వివరించెదను. 1855 నాటికి బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. అది 1952లో తెగగా, దాని స్థానమున 1957లో ప్రకాశం బరాజు వెలసినది. అచటినుండి కాలువలు, కాలువలనుండి పిల్లకాలువలు, వానినుండి బోదెలు చీలి సముద్రతీరమువరకు ప్రాకినవి. పటములో చూచిన అన్ని పొలములకును ఒకే యాకుపచ్చ రంగు. ఆయకట్టు పుస్తకములో అందరి పేర్లును ఒకే సిరాతో వ్రాయబడినవి. నీటి తీరువా అందరికిని ఒకటే. 1997 నాటి చట్టము పుణ్యమా యని నీటి వినియోగదారుల సంఘములలో శివారు రైతునకు సైతము ఓటు లభించినది. లేనిది నీరు మాత్రమే. ఎగువవాడు తన చేను నిండిన పిదప గట్టునకు గండికొట్టి మురుగుకాలువలోనికి వదలినను వదలును గాని, దిగువవాని వంతు సంగతి లస్కరునకు జ్ఞప్తికి వచ్చునప్పటికి నారు ఎండిపోవును. పైనుండి కృష్ణ రానిచో క్రిందినుండి సముద్రము వచ్చును. దానికి వంతులు లేవు, లాకులు లేవు, తీరువా అసలే లేదు. కావున శివారు రైతునకు సభ్యత్వమునకును నీటికిని గల భేదము పుస్తకములు చదువకయే తెలియును.

ఈ కన్నుతో చూచినచో చిన్న దేశమనగా విస్తీర్ణమున చిన్నదని కాదు, కాలువ చివరనున్నదని యర్థము. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో సమితి శాసనపత్రముపై చేవ్రాళ్ళు చేసిననాడే తాళంచెవులు అయిదు మహారాజ్యముల మొలలకు కట్టబడినవి. సర్వసభలో దేశమునకొక ఓటు; భద్రతామండలిలో ఆ యయిదింటిలో ఏదైనను తల అడ్డముగా ఊపెనా, తక్కిన ప్రపంచమంతయు నిలువుగా ఊపినను లాకు తెరవబడదు. సర్వసమానత్వము తీర్మానములకు, అసమానత్వము కార్యములకు అను నీ శ్రమవిభాగము మానవమేధ కనిపెట్టిన అద్భుతములలో నొకటి. దీనివలన కలుగు లాభములను ఆ పిల్లలు అరకొరగా చెప్పిరి గనుక లోపమును నేను పూరించుచున్నాను.

మొదటి లాభము, పుట్టకమునుపే పీట దొరకుట. మన దేశము 1919లో వెర్సేల్స్ సంధిపై సంతకము చేసి, నేటి సమితికి ముందుండిన నానాజాతి సమితిలో ఆద్యసభ్యత్వము పొందినది. సంతకము చేసినవారు ఆంగ్లప్రభుత్వము మెచ్చి పంపినవారు. జెనీవాలో భారతదేశమునకు కుర్చీ కలదు, భారతదేశమున మాత్రము భారతదేశము లేదు. సరిగా ఆ కాలముననే, 1921 మార్చి 31న, మన బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, కోటిమంది సభ్యులను చేర్చవలెననియు, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు ప్రోగుచేయవలెననియు, ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెననియు నిర్ణయించెను. పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జెండా నమూనా నిచ్చినదియు అప్పుడే. జెనీవాలో కుర్చీ దొరికినవారు బెజవాడలో ఎండను పడి జెండాకొఱకు తహతహలాడుట ఎంత అవివేకము! సభ్యత్వమే స్వాతంత్ర్యమను సూత్రము ఆ పెద్దలకు తెలియక, పాపము, మరి యిరువదియారేండ్లు జైళ్ళలో మ్రగ్గిరి.

రెండవ లాభము భద్రత. ఇథియోపియా 1923లో నానాజాతి సమితిలో చేరెను. 1935 అక్టోబరులో ఇటలీ, అదియు సభ్యదేశమే, సాటి సభ్యునిపై దండెత్తెను. సమితి ఊరకుండలేదు. ఆక్షేపించినది, ఆంక్షలు విధించినది, అయితే యుద్ధయంత్రమును నడుపు చమురును ఆ పట్టికలో చేర్చుట మరచినది. ఇటలీ నౌకలు సేనలతో సాగిపోవుచున్న సూయజు కాలువను మూయుట ఎవరికిని మర్యాదగా తోపలేదు. మరుసటి యేడు మే మాసమున రాజధాని పడిపోయెను. జూన్ 30న హైలే సెలాసీ చక్రవర్తి జెనీవాకు స్వయముగా వచ్చి తన ప్రజలపై కురిసిన విషవాయువును గూర్చి నివేదింప నిలువగా, ఇటలీ విలేకరులు ఈలలు వేసిరి. కొలది దినములకే సభ్యులు ఆంక్షలను ఎత్తివేసిరి. శివారు రైతు మండలాఫీసునకు పోయి మొర పెట్టుకొనగా, అర్జీ పుచ్చుకొని, నంబరు వేసి, ఎగువ తూములను ఇంకొక జానెడు ఎత్తినట్లు.

మూడవ లాభము అమరత్వము. ఇది మన పొరుగున జరిగిన కథ యగుటచే కొంత విస్తరించి చెప్పవలసియున్నది. 1947లో ఆంగ్లేయులు పోవుచుండగా హైదరాబాదు నిజాముగారు తాము ఏ యూనియనులోను చేరబోమనిరి. ఆయన రాజ్యము అల్పమైనది కాదు: ఎనుబదిరెండు వేల చదరపు మైళ్ళు, కోటి యరువది లక్షలకు మించిన ప్రజ, సొంత నాణెము, సొంత తపాలా, 1889లోనే బెజవాడను చేరిన సొంత రైలుమార్గము, ప్రతి సరిహద్దున కరోడ్గిరీ యను సుంకపు నాకా. ప్రపంచమున అందరికన్న ధనవంతుడని నిజాముగారి చిత్రమును 1937లో ఒక అమెరికా పత్రిక ముఖపత్రముపై ముద్రించెను. ఆనాటి సమితి సభ్యదేశములలో పెక్కు ఆయన రాజ్యమున ఒక మూలకు సరిపోవును. లోపించినవి రెండే: ఒకటి సముద్రము, రెండు ప్రజల సమ్మతి. మొదటి లోపమును తీర్చుకొనుటకు ఏ రేవు దొరకునా యని వెదకిరి. రెండవది లోపమని ఎవరును వారికి విన్నవింపలేదు. రజాకార్ల దౌర్జన్యమునకు తాళలేక పల్లెలు విడిచి బెజవాడ చేరిన కాందిశీకులు విన్నవింపగలవారే గాని, వారికి దర్బారులో ప్రవేశము లేదు.

1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వము భద్రతామండలికి ఫిర్యాదు పంపెను. సభ్యత్వము లేని రాజ్యము సైతము తన తగవును మండలి యెదుట పెట్టవచ్చునని శాసనపత్రము ముప్పదియైదవ అధికరణమున కలదు, ఆకర్షణీయమైన వాక్యము. మొయిన్ నవాజ్ జంగుగారి నాయకత్వమున ప్రతినిధివర్గము పారిస్ నగరమునకు పోయెను. సెప్టెంబరు 13న భారతసేనలు, షోలాపురమునుండి ఒక దండు, మన బెజవాడనుండి ఒక దండు, బయలుదేరినవి. 16న మండలి పారిస్‌లో కొలువుదీరి, ఈ విషయమును చర్చనీయాంశముగా స్వీకరింపవచ్చునా కూడదా యని చర్చించి, ఎనిమిది ఓట్లతో స్వీకరించెను, ముగ్గురు తటస్థులైరి. తదుపరి సమావేశము 20వ తేదీకి వాయిదా పడినది. ఆ నడుమ, 17న, నిజాముగారు యుద్ధము మానిరి. 22న ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నట్లు తంతి కొట్టిరి. ఆ యయిదు దినములకు ముందు రజాకార్ల చేతను, పిదప ప్రతీకారముల చేతను పల్లెలలో హతులైన హిందువులకు గాని ముసల్మానులకు గాని మండలి ఒక్క తీర్మానమైనను చేసి యెరుగదు. అయితే "హైదరాబాదు సమస్య" యను పేరు మాత్రము మండలి పరిశీలనలోనున్న విషయముల పట్టికలో, నిజాముగారు రాజప్రముఖులై, రాజ్యము మూడు ముక్కలై, రాష్ట్రములు కలిసి, మరల విడిపోయిన పిమ్మటను, దశాబ్దములపాటు చెక్కుచెదరక నిలిచియుండెను. రాజ్యము అయిదు దినములలో పోవును, అర్జీ అమరము. ఇట్టి చిరంజీవిత్వమును ఏ ఫిరంగి యీయగలదు?

నాలుగవ లాభము వాణి. పసిఫిక్ సముద్రమున తువాలు అను దేశము కలదు. జనసంఖ్య పదివేల పైచిలుకు. మన డెల్టాలో ఒక పెద్ద గ్రామమునకు సమము. అది 2000 సంవత్సరమున సమితిలో నూట యెనుబది తొమ్మిదవ సభ్యదేశముగా చేరెను. చేరుట కగు వ్యయము, ఆ దేశమునకు దైవికముగా లభించిన టీవీ అను అంతర్జాల చిరునామా తోకను అద్దెకిచ్చుటచే సమకూరినదని చెప్పుదురు. సర్వసభలో దాని ఓటు భారతదేశపు ఓటునకు సమము. పది లక్షలు దాటిన విజయవాడ వాసులకు ఇందు వేయవ వంతు పలుకుబడియైనను లేదు. ఆ దేశమును సముద్రము మ్రింగుచున్నది. 2021లో ఆ దేశమంత్రి ఒకరు మోకాటిలోతు సముద్రజలమున నిలిచి వాతావరణ మహాసభకు ఉపన్యాసమిచ్చిరి. ప్రపంచమంతయు చూచినది, కన్నీరు పెట్టినది, ఆ దృశ్యమును ఒకరికొకరు పంపుకొన్నది. నీరు మాత్రము మోకాలు దిగలేదు. ఈ కథ చెప్పగా నాగాయలంక పెద్దాయన కనీసము ఆశ్చర్యమైనను పడలేదు: "మా దగ్గిరా అంతేనండి. ఫోటో తీసుకెళ్తారు. ఉప్పునీళ్ళు మాత్రం మాకే వదిలేసి వెళ్తారు."

అట్లయిన సమాఖ్యలన్నియు వ్యర్థములా యని వక్తలు నన్నడుగవచ్చును. కావు. 1874లో బెర్న్ నగరమున పుట్టిన తపాలా సమాఖ్యలో మన దేశము 1876లో చేరినది. బందరులో పెట్టెలో వేసిన ఉత్తరము అర్జెంటీనాలో నొక వీధి చివర ఇంటికి చేరును. అచటి తపాలా బంట్రోతునకు కృష్ణాజిల్లా యన నేమో తెలియదు, మనపై ప్రేమయు లేదు. అయినను తలుపు తట్టును. ఏలన, అతని ఊరి ఉత్తరమును మన బంట్రోతు చేర్చుచున్నాడు. నూరేండ్లకు దగ్గరగా ఈ సమాఖ్యలో ఎవరు వసూలు చేసిన తపాలాబిళ్ళ సొమ్ము వారే ఉంచుకొనిరి. ఉత్తరమునకు ప్రత్యుత్తరము వచ్చును గదా యను ధీమాయే లెక్కల పుస్తకము. ఇచట ఎగువ లేదు, దిగువ లేదు. ప్రతివాడును పంపువాడే, ప్రతివాడును పుచ్చుకొనువాడే. అందుచే పనిజరుగును. అయితే దీనిపై వక్తృత్వపు పోటీలు జరుగవు. విశ్వసౌభ్రాత్రము వీధి వీధికి సంచి తగిలించుకొని నడచుట కవిత్వమునకు చాలినంత దూరముగా లేదు.

మరియొక చిన్న దేశపు కథతో ముగించెదను. విజయవాడనుండి హైదరాబాదు పోవు రహదారిపై, నందిగామకు ఈవల, పరిటాల కలదు. నేడచట బాటసారులకు నూట ముప్పదియైదడుగుల ఆంజనేయుడు కనిపించును. సర్కారు జిల్లాలు ఆంగ్లేయుల వశమైనను, వజ్రపు గనులపై ఆశచే నిజాము పరిటాలను, చుట్టుపట్ల మరికొన్ని గ్రామములను తన జాగీరుగా నిలుపుకొనెనని ప్రతీతి. కృష్ణాజిల్లా నడుమ హైదరాబాదు రాజ్యపు ద్వీపమది: గట్టుకు ఈవల ఆంగ్లేయుల కల్దారు రూపాయి, ఆవల నిజాము హాలీ రూపాయి. 1947లో ఆ గ్రామస్థులు నిజాము అధికారమును త్రోసిపుచ్చి, తమది పరిటాల గణతంత్రమని చాటుకొనిరి. భద్రతామండలికి అర్జీ పెట్టలేదు, పారిస్‌కు ప్రతినిధులను పంపలేదు. పిదప, చుట్టునున్న కృష్ణాజిల్లాలో కలిసిపోయిరి. అనగా ఎవరి ఊళ్ళలో తమ ఆడపడుచుల నిచ్చిరో, ఎవరి సంతలో తమ ఎడ్ల నమ్మిరో, ఎవరితో ఒకే వాన తడిసిరో వారితో కలిసిరి. వారి సమస్య ఏ పట్టికలోను చేరలేదు. తీరిపోయినది గనుక.

పోటీలో కడపటి వక్త ఆ పెద్దాయన మనుమరాలు. పిల్ల కంఠస్థము చేసినది సగములో మరచి, కొంచెము తడబడి, "ఎందులో చేరామన్నది కాదు, ఎక్కడ నిలబెట్టారన్నది చూసుకోవాలి" అని ఒక్క వాక్యము సొంతముగా చెప్పి దిగిపోయినది. న్యాయనిర్ణేతలలో ఇద్దరము ఆమెకే ప్రథమ బహుమతి అంటిమి. దాతగారు తల అడ్డముగా ఊపిరి. బహుమతి పండ్రెండు లాభములను చెప్పిన బాలునకు పోయినది. నేను అసమ్మతి తెలుపగా నిర్వాహకులు ఎంతయో గౌరవముతో దానిని సభావివరణ పుస్తకమున ఎక్కించిరి. అది నేటికిని అందు పదిలముగా నున్నది.