మూలనున్న ఎక్స్‌పీ

గణపవరంలో మా డీటీపీ షాపు మూలన విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఇప్పటికీ నడుస్తోంది. నెట్ తీగ మాత్రం తగిలించను. కుర్రాళ్లు చూసి నవ్వుతారు. నవ్వనీండి. ఊళ్లో సగం మంది శుభలేఖలు, రొయ్యల మేత కొట్ల బిల్లు పుస్తకాలు దాంట్లోనే ఉన్నాయి.

మా రోజుల్లో కొత్త విండోస్ వస్తోందంటే పాత ప్రోగ్రాముకు ఇంత భయం లేదు. సిమ్‌సిటీ అని ఒక ఆట ఉండేది. వదిలేసిన మెమరీలోకే మళ్లీ తొంగిచూసే తప్పు దాంట్లో ఉంది. అద్దిల్లు ఖాళీ చేసినవాడు మర్నాడొచ్చి అటక మీద సామాను వెతుక్కోవడమన్నమాట. విండోస్ 3లో అడిగేవాడు లేక సాగిపోయింది. విండోస్ 95 తయారవుతుండగా పరీక్షల్లో కూలబడింది. తప్పు ఆటది. అయినా ఆ ఆట నడుస్తోందని పసిగడితే మెమరీని వెంటనే లాక్కోకుండా మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్‌లోనే ఏర్పాటు చేశారు. ఆట ఆగితే జనం తిట్టేది కొత్త విండోస్‌నే కదా! వ్యాపారమంటే అదీ.

ఇప్పుడో? 64 బిట్ విండోస్ వచ్చి 16 బిట్ ప్రోగ్రాములను గుమ్మంలోనే ఆపేసింది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి సపోర్టు ఆపేశారు. మన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ కుర్చీ ఎక్కి అప్పటికి రెండు నెలలు. ఆయన్ననడానికి లేదు, తేదీ ముందే ఖరారైంది. విండోస్ 11కైతే టీపీఎం 2.0 చిప్పు లేకపోతే బాగా నడిచే సిస్టమ్ కూడా పనికిరాదట. బ్యాంకుల వెనకుండే ఐబీఎం పెద్ద మెషీన్లు మాత్రం 1964 నాటి సిస్టమ్/360 ప్రోగ్రాములను ఈనాటికీ నడుపుతున్నాయి. డబ్బు లెక్కకున్న మర్యాద శుభలేఖకు లేదు.

తెలుగు ప్రెస్సుల గొడవ ఇంకోటుంది. అను ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చారు. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు కూడా పిచ్చి గుర్తులే. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది, నిజమే. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటూ ఇచ్చారు. శుభలేఖకు కావాల్సిన వయ్యారం అందులో ఏదీ? పైగా మాకు అన్నం పెట్టిన, పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు రాదు. 2001లో 7.0 వచ్చాక దానికి కొత్త వెర్షనే లేదు. మరి మేం అనులో ఉండక ఎక్కడికి పోతాం?

అను ఫైళ్లలో కథలో, కులదేవత చరిత్రో, పాత సంచికలో దాచుకున్నవాళ్లు ఆ సిస్టమ్ బూట్ అవుతుండగానే యూనికోడ్‌లోకి మార్పించుకోండి. పీడీఎఫ్ కూడా తీసి పెట్టుకోండి. మార్చాక ప్రూఫు తప్పకుండా చదవండి, కన్వర్టర్లు వత్తులు మింగేస్తాయి.