బండి నంబరు

శామీర్‌పేట దగ్గర ఒక రిసార్టులో మూడు రోజుల సమావేశం. పాత బొమ్మలన్నా, బట్టలన్నా ప్రాణమిచ్చేవాళ్లు ఊరూరి నుంచీ వచ్చారు. నాలుగో రోజు ఇష్టమున్నవాళ్లకు మ్యూజియాలు, ఇళ్లలోని సేకరణలు చూపించాలి. ఆ ఏర్పాటు నాది.

చిక్కల్లా ఆ నాలుగో రోజు శుక్రవారం కావడం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికీ అంతే. అందుకని సాలార్‌జంగ్‌ను గురువారం మధ్యాహ్నానికి జరిపాను. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న ముసుగు రెబెక్కా ముందు నుంచి మా వాళ్లను కదిలించడం నా వల్ల కాలేదు. పాలరాయిలో అంత పలుచటి మేలిముసుగు ఎలా చెక్కారా అని ఒకటే మాట.

తిరిగొస్తూ వ్యాన్‌లో చెప్పాను. ఇంత పెద్ద మ్యూజియమూ ఒకప్పుడు ఒక ఇంటి సేకరణే. మూడో సాలార్‌జంగ్ పెళ్లి చేసుకోలేదు, సంపాదనలో చాలా భాగం వస్తువుల మీదే పెట్టాడు. 1949లో ఆయన పోయాక, 1951లో ఆయన దివాన్ దేవిడీలోనే జనానికి తలుపులు తెరిచారు. జగదీశ్, కమలా మిత్తల్ దంపతులు కూడా 1976లో తమ సేకరణను ట్రస్టుకు ఇచ్చి మ్యూజియం చేశారు. ఇలాంటివాళ్లు దాచకపోతే మనకు చూడ్డానికి ఏం మిగిలేది?

శుక్రవారానికి మేడ్చల్ వైపు ఒక తోటలో ఉన్న పెద్దమనిషి ఇల్లు కుదిరింది. ఫోన్‌లో ఒకటే షరతు పెట్టాడు. ‘పది మందికి మించొద్దు. పేర్లు, బండి నంబరు ముందురోజే పంపండి. గేటు దగ్గర వాచ్‌మన్ చూసుకుంటాడు.’ పది పేర్లు టైపు చేసి, కింద వ్యాన్ నంబరు రాసి పంపాను. తొమ్మిది మంది అతిథులు, నేను.

గేటు దగ్గర వాచ్‌మన్ పేర్లు చదువుతూ ఒక్కొక్కరినే లోపలికి వదిలాడు. వ్యాన్ వేపచెట్టు కింద ఆగింది.

లోపల బిద్రీ హుక్కాలు, కలంకారీలు చూసుకుంటూ చివరి గదిలోకి వచ్చాం. గోడ పొడవునా చేర్యాల పటం. మూడడుగుల వెడల్పు, ఇంకా చుట్ట విప్పని భాగం ఒక పక్క. చింతగింజల అంబలి, గంజి, సుద్దమట్టి పట్టించిన బట్ట మీద నకాషీలు వేసిన ఎర్రటి నేల ఇంకా మండుతున్నట్టే ఉంది. సాలెవాళ్ల కథ అది. మార్కండేయుడు, తామరతూళ్ల నారతో బట్ట నేసిన భావనారుషి, ఆయన ఎక్కిన పులి.

సోలాపూర్ నుంచి వచ్చిన పెద్దమ్మ ఆ పటం ముందు చేతులు జోడించింది. ఆమె తాతలు మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి అటు వెళ్లిన పద్మశాలీలు. ‘చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో కూనపులివాళ్లు పటం కట్టి రాత్రంతా చెప్పేటోళ్లు. ఇది ఎవరన్నా చెప్తే వినాలనుంది’ అంది.

‘చెప్పేవాళ్లు ఇప్పుడెక్కడున్నారమ్మా’ అన్నాడు ఇంటాయన. నేనూ తలూపాను.

పులి తోక పక్కన రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ ఉంది. దాని మీద చాలాసేపు చర్చ నడిచింది. పూజలో హారతి తగిలి ఉంటుందని ఒకాయన, ఎవరో కావాలనే దిష్టిచుక్క పెట్టారేమోనని ఇంకొకాయన. అందరూ ఆ మచ్చకు ఫోటోలు తీసుకున్నారు.

తిరిగి వ్యాన్ ఎక్కుతుంటే పెద్దమ్మ డ్రైవర్‌ను పలకరించింది. ‘ఎండలోనే ఉన్నవా బిడ్డా? లోపల ఎంత మంచి పటం ఉందో!’

అతను తాళం తిప్పబోయి ఆగాడు.

‘పులి తోక కాడ కాలిన మచ్చ ఉంటది. చూసిండ్రా అమ్మా?’

వ్యాన్‌లో మాటలు ఆగిపోయాయి.

‘అది నేను చేసిందే. మా తాత కథ చెప్తుంటే కింద దీపం కాడ కూసునేటోణ్ణి. పులి వచ్చే జాగ అంటే నాకు భయం. ఎనుకకు జరగబోయి దీపం తన్నిన. మా తాత కొట్టలే. కథ ఆపకుంట అరచేత్తోనే మంట ఆర్పిండు. పాతబడ్డ పటాన్ని గంగల కలపాలె. మా అత్త లగ్గానికి పైసలు లేక అమ్మిండు.’

‘కథ వచ్చా నీకు?’ పెద్దమ్మ గొంతు వణికింది.

‘మొత్తం వస్తదమ్మా. పటం లేక చెప్తలేను.’

నాకు నోరు పెగలడానికి కొంచెంసేపు పట్టింది. ‘పటం ఇక్కడుందని నీకెలా తెలిసిందన్నా?’

‘పోయినేడు వచ్చినోళ్లు ఫోన్‌ల ఫోటో చూపిచ్చిండ్రు సార్. మచ్చ చూసి గుర్తుపట్టిన. ఇప్పటికి నాలుగుసార్లు తోల్కొచ్చిన.’

‘లోపలికి ఎప్పుడూ వెళ్లలేదా?’

‘కాయితంల పేరుండాలె గద సార్.’

అక్కడికక్కడే ఇంటాయనకు ఫోన్ చేశాను. రేపు ఇంకొక్క మనిషిని తీసుకొస్తానన్నాను. ‘తప్పకుండా రండి. పేరు పంపండి చాలు’ అన్నాడు.

మూడు రోజులుగా అతనికి రోజుకు పదిసార్లు ఫోన్ చేస్తున్నాను. పేరు కోసం నా ఫోన్ తెరిచి చూశాను. ‘శామీర్‌పేట వ్యాన్’ అని ఉంది.