నేను తెరుచుకునేలోపు

నేను ఫిల్మ్ నగర్‌లోని ఒక నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌ని. మా ఆఫీసు రామానాయుడు స్టూడియోకి దగ్గర్లోనే.

పుట్టినప్పుడు తేలిగ్గా ఉండేదాన్ని. నాలుగు స్టిల్స్, సినిమాల వివరాలు, అంతే. నా గర్వమంతా పేర్ల పేజీ. హీరో, దర్శకుల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. కెమెరా అసిస్టెంట్లు, మేకప్ మెన్, లైట్‌బాయ్‌లు, ఫైటర్ల పేర్లు సినిమావారీగా నా దగ్గరే ఉన్నాయి. వాళ్లలో చాలామంది పేరు ఇంకెక్కడా అచ్చుకాలేదు.

ఆ తర్వాత సినిమా సినిమాకీ బరువు మోపారు. హోర్డింగ్‌కి పంపిన పోస్టర్‌నే సైజు తగ్గించకుండా ఎక్కించారు. పేజీ తెరవగానే టీజర్ ఆడాలన్నారు. ప్రచారం కోసం పెట్టిన ట్రాకింగ్ కోడ్‌లు సినిమా థియేటర్ల నుంచి వెళ్లిపోయినా నాలోనే ఉండిపోయాయి. చదువుతుండగానే అక్షరాలు కిందికి జారిపోతాయి. ఒకటి నొక్కబోతే వేలు ఇంకోదాని మీద పడుతుంది.

ఒక రాత్రి కృష్ణానగర్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వాళ్ల నాన్న ఫైటర్. నాన్న చేసిన సినిమాల కోసం వెతుకుతున్నాడు. పాత ఫోను, సిగ్నల్ అంతంతమాత్రం. తెల్లటి తెర మీద లోడింగ్ చక్రం తిరుగుతూనే ఉంది. పోస్టర్ సగం దిగింది. పేర్లు ఆ పోస్టర్ వెనకాల వరుసలో ఉన్నాయి. ఇంకొక్క క్షణం ఆగు నాయనా అని ఎంత అనుకున్నానో! మూసేసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మనుషులే కాదు, గూగుల్ కూడా వేగం చూస్తుంది. వెతికితే ఎవరిని ముందు చూపాలో తేల్చడంలో వేగాన్ని 2010లోనే లెక్కలోకి తీసుకుంది. 2018 జులై నుంచి మొబైల్ వెతుకులాటకీ వర్తింపజేసింది. పేజీలో కనిపించే వాటిలో అన్నిటికంటే పెద్ద బొమ్మ లేదా రాత 2.5 సెకన్లలోపు కనబడాలని, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలని దాని కొలతలు. వేగమొక్కటే ఎవరినీ పైకెక్కించదు, సరైన సమాచారానిదే పెద్దపీట. ఆ సమాచారం నా దగ్గరుంది కాబట్టే నాకింత బాధ. సర్వర్ నెమ్మదిస్తే గూగుల్ బాట్ నా పేజీలు చదవడం తగ్గించేస్తుంది. కొత్తగా చేర్చిన పేర్లు దాని కంటపడటానికి ఎన్నాళ్లు పడుతుందో!

అన్నిటికంటే పెద్ద దెబ్బ కొత్త డిజైన్. హంగుల కోసం పేర్ల పేజీని పూర్తిగా జావాస్క్రిప్ట్‌తో కట్టారు. ఏఐ కంపెనీల బాట్‌లు చాలావరకు జావాస్క్రిప్ట్‌ని నడపవు. సర్వర్ మొదట ఇచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఉన్నదే చదువుకుంటాయి. నా దగ్గరికొచ్చి ఖాళీ పుట చూసుకుని పోతున్నాయి. ఆ కుర్రాడు రేపు ఏఐని అడిగినా, నా దగ్గరున్న వాళ్ల నాన్న పేరు దానికి తెలియదు.

పోస్టర్‌ని వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లోకి మార్చి చిన్నది చేయడం, టీజర్‌ని నొక్కితేనే ఆడేలా పెట్టడం, పాత కోడ్‌లు తీసేయడం, పేర్లను నేరుగా హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఉంచడం పెద్ద పనులేం కావు. ఆఫీసులో ఒకమ్మాయి ఇవే చెప్పింది. “ఇన్‌స్టా ఉందిగా, సైట్ ఎవరు చూస్తారమ్మా?” అన్నారు సార్. నన్ను ఆపేసే ఆలోచనలో ఉన్నారట.

ఆపేస్తే ఆపేయండి సార్. ముందు ఆ పేర్ల పేజీని మామూలు అక్షరాల్లో ఎక్కడైనా పెట్టండి. ఇన్నేళ్ల పేర్లన్నీ కలిపినా మీ ఒక్క పోస్టర్ బరువులో వందో వంతు ఉండవు.